పెద్దవాళ్ళు ఒక్కరే లోపలికి

అధ్యక్ష స్థానంలో ఉన్న డాక్టరు గారికి, ముందు వరసలోని పెద్దలకు, వెనక నిలబడి టీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్న నా తోటి ఉద్యోగులకు నమస్కారం. (నవ్వులు)

మా ఇంట్లో నా ఉద్యోగానికి 'కొంపలు కూల్చే కొలువు' అని పేరు పెట్టారు. ఇంత చదువూ చదివి ముసలాళ్ళ చేత కన్నబిడ్డల మీద చాడీలు చెప్పించుకుంటానట. చాడీలు చెప్పేవాళ్ళే అయితే నా పని ఎంత సుళువయ్యేదో! అందరిదీ ఒకటే మాట, "బంగారంలా చూసుకుంటారమ్మా."

ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్ రాకముందు, మన ఈ వృద్ధుల వైద్య కేంద్రంలో పెద్దవాళ్ళని, మర్యాద కోసమని కొడుకునో కోడలినో పక్కన కూర్చోబెట్టుకునే ప్రశ్నలడిగేవారట. ఇంట్లోవాళ్ళు పెద్దవాళ్ళని వేధిస్తున్నారేమో తేల్చే ఆ ప్రశ్నల పట్టికే మా కొలమానం; అందులో సున్నా అంటే ఏ వేధింపూ లేనట్టు. ఊరంతటికీ సున్నాయే వచ్చిందని నివేదిక పంపి, దండలు కూడా వేయించుకున్నారట. అధ్యక్షుల వారు నవ్వుతున్నారు, ఆ దండ ఆయన మెడలోనే పడింది మరి! (నవ్వులు)

మేడమ్ వచ్చీరాగానే తోడొచ్చినవాళ్ళకి వరండాలో కుర్చీలు వేయించారు. ఒకాయన గొడవపెట్టుకున్నాడు.

"మా అమ్మకి చెవుడండీ, నేను లేకపోతే ఒక్క ముక్క అర్థం కాదు."

"ఫర్వాలేదు నాయనా, నాకు గొంతుంది."

తలుపు వేశాక, ఎవరు బాధపెడుతున్నారని మేడమ్ అడగలేదు. "సంతకం పెట్టమన్నప్పుడు, దేనికిరా అంటే ఏమంటాడు?" అని మామూలు గొంతుతోనే అడిగారు. చెవుడన్న ఆ తల్లికి చక్కగా వినబడింది. "నీకు మతి పోయిందంటాడమ్మా. వినీ వినీ, నిజంగానే పోయిందేమోనని నాకే అనుమానం" అంది.

ఆ తల్లి మాటే, 'నీకు మతి పోయిందని ఇంట్లో ఎవరైనా అంటున్నారా?' అని మా కొలమానంలో కొత్త ప్రశ్న అయింది. ఇప్పుడు పొరుగూళ్ళ వాళ్ళు వచ్చి ఆ కొలమానాన్ని అడిగి పట్టుకెళుతున్నారు. ఆ గర్వాన్ని నేను దాచుకోను. మీరూ తల దించుకోకండి మేడమ్, ఈ ఒక్కరోజైనా.



మేడమ్, మీకు చెప్పని సంగతి ఒకటుంది. మా నానమ్మ పేరునున్న ఇంటిని నాన్న తన పేరున రాయించుకుంటున్నారు. సంతకాలు రేపు. నీకిష్టమేనా అని నానమ్మని అడిగితే, నాన్న మొహం చూసి "నాకేం తెలుసే" అంది. "కన్నతండ్రినే అనుమానిస్తావుటే!" అంది అమ్మ. అనుమానం కాదు. నాకు తెలియదు, అంతే. తెలియనప్పుడు ఏం చేయాలో మాత్రం మీరు నేర్పారు. అందుకు మీకు, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు.

రేపు నానమ్మ సంతకానికి వెళ్ళడం లేదు, ఇక్కడికి వస్తోంది. వస్తానని తనే అంది. నేనూ ఇంటిమనిషినే కాబట్టి ప్రశ్నలు నా సహోద్యోగి అడుగుతుంది. నాన్నకి పొద్దునే చెప్పేశాను. ఇక సెలవు.