మిషనత్త పడవెక్కిన రోజు

ఏదీ, ఆ ఫోటో ఇంకోసారి చూపించు. అది కాదే, పొగమంచులో మూతి ముడుచుకుని నిలబడ్డావే, దాని ముందుది. ఆ, ఇదే. తొక్కే పడవ. మీ ఆయన నోరు తెరుచుకుని అలా రొప్పుతున్నాడేంటి? ఒక్క రౌండుకా? సరిపోయింది సంబరం! మా మిషనత్త చూసుంటే పొట్ట పట్టుకుని నవ్వేది. నీకు మిషనత్త తెలీదులే, నువ్వు పుట్టేసరికే పోయింది. మీ అమ్మ పెళ్ళి కూడా చూళ్ళేదు పాపం. మా నాన్నకి అక్క. కుట్టుమిషను కుట్టేది, అందుకని మిషనత్త. కూర్చో చెప్తాను. ఆ ఫోను పక్కన పెట్టు ముందు.

మనిషి పొట్టి. ముక్కు చివర కళ్ళజోడు, పళ్ళ మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులు. సగం మాటలు ఆ సూదుల సందులోంచే వచ్చేవి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకత్తా అంటే "కొలతలు కుదర్లేదే" అనేది, అంతకుమించి ఎవరడిగినా చెప్పలేదు. మా ఇంటి ముందుగదిలో మిషను. పొద్దున ఎనిమిదింటికి కూర్చుందంటే చీకటి పడేదాకా కాళ్ళు ఆడుతూనే ఉండేవి. నాన్న పనిచేసే బడిలో పిల్లలందరి యూనిఫారాలూ ఆవిడే కుట్టాలి. జూన్ నెల వచ్చేలోపు మూడొందల చొక్కాలు, మూడొందల లాగూలు! అలా ముప్ఫై ఏళ్ళు తొక్కింది. ఆ కాళ్ళు ఎలాంటివో మాకెవరికీ తట్టలేదు చూడు, అదీ తమాషా.

నాన్న హెడ్మాస్టరు కదా, సెలవలకి కూడా టైంటేబుల్ వేసే రకం. ఏటా మే నెల మొదట్లో పది రోజులు ఆ కొండ ఊరికి వెళ్ళేవాళ్ళం. బస్సు పైన పరుపులు, గిన్నెలు, కిరసనాయిలు స్టవ్వు, మా చిన్నాన్న గొడుగు, అన్నీ కట్టించేవాడు. ప్రతి ఏడూ అదే అద్దె ఇల్లు. దిగీ దిగగానే గోడకి కాగితం అంటించేవాడు. ఆరింటికి నడక. తొమ్మిదిన్నరకి జలపాతం. నాలుగింటికి చెరువు. అందరి పేర్లూ వరసగా. మరి మిషనత్త వరసలో ఏముండేదో చెప్పనా? టిఫిను, భోజనం, టీ, భోజనం. అంతే! పదకొండు వేసవులు అదే. మేము దుప్పట్లు కప్పుకుని ఊరంతా తిరిగొచ్చేవాళ్ళం, ఆవిడ ఆ వంటింట్లో కూచునేది. ఆ వంటింటికి ఒకే ఒక్క కిటికీ, అందులోంచి చూస్తే నాచు పట్టిన బండ. కొండ ఊరికెళ్ళి ఆవిడ చూసిందల్లా ఆ బండే. సాయంత్రం మేం తింటుంటే అడిగేది, "ఎంతుంటుందే ఆ చెరువు? మన బడి మైదానమంత ఉంటుందా?" అని. నోటి నిండా ముద్ద పెట్టుకుని, ఇంకా పెద్దది అత్తా, చాలా పెద్దది అని చెప్పేదాన్ని. రేపు నువ్వూ రా అత్తా అని ఒక్కళ్ళం, ఒక్కళ్ళమంటే ఒక్కళ్ళం అన్నామా? ఎప్పుడైనా మా అమ్మ మొహమాటానికి పిలిస్తే "నాకెందుకులేవే" అనేది. ఆ మాట మాకందరికీ హాయిగా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. పంతొమ్మిదేళ్ళదాన్ని, కాలేజీలో చదువుతున్నాను, ఆ మాత్రం బుద్ధి లేకపోయింది.

ఏం చెప్తున్నానూ... ఆ, పోటీ. ఆ చెరువులో మే నెల మొదటి ఆదివారం తొక్కుడు పడవల పోటీ పెట్టేవాళ్ళు, వేసవికి వచ్చిన కుటుంబాలకి. ఇంటికి ఇద్దరు. అవతల నీళ్ళలో ఒక డ్రమ్ము తేలుతుంటుంది, దాన్ని చుట్టేసి ఒడ్డుకి రావాలి. నాన్నా, చిన్నాన్నా ఆరేళ్ళ బట్టి వెళ్తున్నారు, ఆరేళ్ళూ ఆఖరే. పెద్ద హోటల్లో దిగే కాంట్రాక్టరొకాయన ఉండేవాడు, తన బావమరిదితో కలిసి ప్రతి ఏడూ కప్పు ఎగరేసుకుపోయేవాడు. పోతూ పోతూ "ఏం మాస్టారూ, చేపల్ని లెక్కపెట్టి వచ్చారా?" అనేవాడు. నాన్న మొహం కందగడ్డ అయిపోయేది. అలాంటిది, ఆ ఏడు పోటీకి ముందురోజు చిన్నాన్న గుర్రమెక్కాడు. ఎందుకెక్కాడో భగవంతుడికే తెలియాలి. అది ఇతన్ని తీసుకెళ్ళి ముళ్ళపొదలో దింపింది. మోకాలు బూరెలా పొంగింది. పొద్దున్నే అందరం ఒడ్డున నిలబడ్డాం, పేరిచ్చేశాం, నాన్న పక్కన ఎక్కే మనిషి లేడు. అమ్మకి నీళ్ళంటే భయం. నేనెక్కి చూశాను, పాదాలు జారిపోతున్నాయి. కాంట్రాక్టరు అక్కడే నిలబడి పళ్ళికిలిస్తున్నాడు. అప్పుడు తట్టింది నాకు. "నాన్నా, అత్త!" అన్నాను. "అక్కా? వంట ఎవరు చేస్తారే?" అన్నాడాయన. నిజంగా అదే అన్నాడు! ఇంక నేను వినలేదు, పరుగు.

వెళ్ళేసరికి కూర తరుగుతోంది. విషయం చెప్పాను. కత్తిపీట పక్కకి నెట్టి, స్టవ్వు ఆర్పి, చేతులు తుడుచుకుని, "తొక్కడమేగా?" అంది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది. మలుపు తిరగ్గానే చెరువు కనబడింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పడవెక్కి కొంగు నడుంలో దోపింది. ఈల వెయ్యగానే నాన్న ధనధనా తొక్కేశాడు, నాలుగు తొక్కులకే ఆయాసం. అత్త మాత్రం మిషను మీద కూర్చున్నట్టే కూర్చుంది. నడుం కదల్లేదు, తల కదల్లేదు, కాళ్ళు మాత్రం ఒకే వేగం. "ఒరేయ్, నువ్వు కాళ్ళు తీసెయ్, కుట్టు చెడుతోంది" అంది! ఒడ్డు దాకా వినబడింది. నాన్న బుద్ధిగా కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు! అయినా డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి కాంట్రాక్టరే ముందున్నాడు. కానీ వాళ్ళు తొక్కుతూనే తిప్పబోయారు, దాంతో పడవ ఎక్కడికో వెడల్పుగా వెళ్ళిపోయింది. అత్త ఏం చేసిందో తెలుసా? ఆపేసింది. వెనక్కి ఒక తొక్కు తొక్కి, పడవని నిలబెట్టి, ఉన్నచోటే తిప్పింది. కాలరు మూల వచ్చినప్పుడు మిషను ఆపి, సూది గుడ్డలో దింపే ఉంచి, గుడ్డ తిప్పుతారు చూడు, అలా. అక్కడ ఆగడం తెలిసింది ఆవిడొక్కదానికే. మళ్ళీ మొదలుపెట్టిందంటే ఇంక ఒడ్డే. వాళ్ళు రెండు పడవల దూరం వెనకబడ్డారు! మేం గెంతులే గెంతులు. చిన్నాన్న కూడా ఒంటికాలి మీద గెంతాడు.

ఇంతలో కాంట్రాక్టరు దిగొచ్చి గొడవ. "ఇది చెల్లదు. ఈవిడ వీళ్ళింటి మనిషి కాదు, ఎవరినో పట్టుకొచ్చారు" అని. పడవల మేనేజరు పెద్దాయన, మంచివాడే, ఆయనా తల గోక్కున్నాడు. "మాస్టారూ, మీ ఇంట్లో వాళ్ళందరినీ పదకొండేళ్ళ నుంచి చూస్తున్నాను. ఈవిడ్ని ఒక్కసారి కూడా చూళ్ళేదే" అన్నాడు. అంతమందిలో! నాన్న తల దించుకున్నాడు. మూడొందల మంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టే మనిషి. చివరికి అన్నాడు, "మా అక్కండీ. ప్రతి ఏడూ వస్తుంది. వంటింట్లో ఉంటుంది. మేము... నేను తీసుకురాలేదు" అని. కాంట్రాక్టరు పెళ్ళాం ముందుకొచ్చి మొగుడితో "ఇంక నోర్మూసుకోండి" అంది. తన చేత్తోనే కప్పు తీసి మా అత్త చేతిలో పెట్టింది.

నాన్న కళ్ళు తుడుచుకుని "పదక్కా, ఇంటికెళ్దాం" అన్నాడు. అత్త పడవ దిగితేనా! "మీరు నడవండిరా. ఇందాక తొక్కడమే సరిపోయింది, నేనసలు చెరువు చూడనే లేదు" అంది. కప్పు పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయింది. సరిగ్గా మధ్యకి వెళ్ళి ఆగింది. ఆ కాళ్ళు ఆడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. అరగంటయింది, గంటయింది, ఎండ నడినెత్తికొచ్చింది. మాకు కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. నాన్న వాచీ చూసుకుని, చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు, "అక్కా! ఒంటిగంటయింది! భోజనం!" అని. అటునుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. "వండుకోండిరా!" చుట్టూ కొండలు కదా, నాలుగు వైపుల నుంచీ తిరిగొచ్చింది అదే మాట. ఒడ్డునున్న ఆడవాళ్ళందరూ చప్పట్లే చప్పట్లు! ఇంక నాన్న, చిన్నాన్న భుజం పట్టుకుని ఇంటిదారి పట్టాడు. పోతూ వెనక్కి తిరిగి, బియ్యానికి నీళ్ళెన్ని పొయ్యాలే అని నన్నడిగాడు. నాకు తెలుసు. అయినా చెప్పలేదు... ఎవరే, తలుపు కొడుతున్నట్టున్నారు, చూడు.