కనురెప్ప మీద ఏనుగు

"కాస్త జరుగు మావయ్యా, ఇది నిలబడి చెప్పే కథ కాదు," అంటూ సైన్సు పిల్ల టీ కొట్టు బల్ల మీద చోటు చేసుకుంది. "నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. మొన్న మన ల్యాబులో బంగారాన్ని ఎర్రగా మార్చింది మాత్రం నేనే. వెంట్రుకను నిలువునా కొన్ని వేల ముక్కలు చీలిస్తే ఒక్క ముక్క ఎంతుంటుందో, రేణువు అంతుండాలి. అప్పుడిక బంగారం పచ్చగా ఉండదు, దానిమ్మ గింజ రంగుకొస్తుంది. ఎందుకని మాత్రం అడక్కు. మేడమ్ వెలుతురు వల్ల అన్నారు, బొమ్మల మాస్టారు చూసే కన్ను వల్ల అన్నారు. ఇద్దరికీ తలూపి బయటికొచ్చా."

"ఇంతకీ ఏది నిజం?" ల్యాబులో సామాను చూసుకునే మావయ్య టీ ఊదుకుంటూ అడిగాడు.

"అక్కడికే వస్తున్నా. ఆ రేణువులు కలిసిన ఎర్రనీళ్లు సీసాలో పోసి మన బొమ్మల పిల్లకిచ్చా. ఇదిగో, పక్కనే ఉంది, అడుగు. వాటితో గాజు పలక మీద సూర్యాస్తమయం వేసింది. వందేళ్లయినా రంగు మారదని మాటిచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలిన చుక్కతో నేనే ఏనుగు బొమ్మ వేశా. వెంట్రుక మీద."

"ఏ వెంట్రుక?"

"నా కనురెప్పదే. ఏనుగు బాగా కుదిరిందని వెనకాల ఊరేగింపు కూడా వేశా. చోటు చాలక దుమ్ము రేణువు మీదికి మారా. అక్కడ మూడంతస్తుల కాలేజీ, కిటికీలో నేను, నా చేతిలో దుమ్ము రేణువు, దాని మీద మళ్లీ కాలేజీ. బొమ్మలో ఉన్నది నేనో, వేస్తున్నది నేనో నాకే తెలీలా. అంతలో మేడమ్ తుమ్మారు. ఏనుగుతో సహా అన్నీ కిటికీలోంచి ఎగిరిపోయాయి. ఈ వీధిలోనే ఎక్కడో తిరుగుతుంటాయి. టీ మీద చెయ్యి అడ్డం పెట్టుకో మావయ్యా."

బొమ్మల పిల్ల సంచిలోంచి గాజు పలక తీసి బల్ల మీద పెట్టింది. సూర్యుడు నీలంగా ఉన్నాడు.

"మూడింటికి నా పరీక్ష. ఇది పోతే ఏడాది పోయినట్టే. వందేళ్లన్నావు, రెండ్రోజులు ఆగలేదు."

"అదీ... వెలుతురు... కాదు, కన్ను..."

మావయ్య పలక ఎత్తి చూశాడు. "ఎర్రనీళ్లు పోసేముందు సీసా దేంతో కడిగావమ్మాయ్?"

"కుళాయి నీళ్లతో. ఏ నీళ్లయితేనేం?"

"కుళాయి నీళ్లలో ఉప్పులుంటాయి. అవి తగిలితే రేణువులు గుంపు కడతాయి, ఎరుపు కాస్తా నీలమవుతుంది. సీసాలకి కుళాయి నీళ్లు వాడొద్దని సింకు పైన అట్ట మీద నేనే రాసి పెట్టా, అరచేయంత అక్షరాలతో. కనురెప్ప మీద ఏనుగు వేసిన కళ్లకి ఆ అట్ట ఆనలేదా?"

బొమ్మల పిల్ల పలక అంచున ఉన్న 'సూర్యాస్తమయం' చీటీ పీకేసింది. "పద. ఇది ఎందుకు నీలమైందో నా పక్కన నిలబడి నువ్వే చెప్పాలి."

"నాకు అర్థం కాలేదే, నిజంగా."

"ఇందాకట్నుంచి నువ్వు చెప్పిన నిజం ఇదొక్కటే."

మావయ్య టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. "నడుస్తూ చెప్తా రా. ఈసారి తలూపకు."