ఇస్త్రీ గదిలో ఊపిరి

"అమ్మమ్మా, ఒంటితలనొప్పి వస్తే మాత్ర వేసుకోకుండా కళ్ళు మూసుకుని కూర్చుంటావేంటి? ఎవరు నేర్పారు?"

ఇంకెవరు, సత్యవతి. పాలకొల్లు వైపు మనిషిలే. షార్జాలో ఓ అరబ్బు వాళ్ళింట్లో ఆవిడ వంట, నేను గదులూ బట్టలూ. ఆ ఇల్లు మామూలు ఇల్లనుకున్నావా? ఈ చివర చీపురు పడితే ఆ చివరికెళ్ళేసరికి చీపురు అరిగిపోయి పిడి మిగిలేది! ఎండ సంగతి అడక్కు. మేడ మీద చీర ఒక కొస ఆరేసి రెండో కొస పట్టుకునేలోపు మొదటి కొస ఎండిపోయేది.

ఆ ఎండకే పట్టుకుంది నాకు, ఎడం కణత దగ్గర. తల గుమ్మడికాయంతై గుమ్మంలో పట్టేది కాదే, పక్కకి తిరిగి దూరేదాన్ని. నవ్వకు, నిజం. వెలుగు చూస్తే వాంతి. మాత్రలు మరమరాల్లా బొక్కేదాన్ని. కడుపులో మంట పుట్టింది గానీ తలనొప్పి తగ్గలేదు. పనికిరాదని పంపేస్తారేమోనని ఒకటే గుబులు. మీ అమ్మ అప్పుడు ఇంతది, మా అక్క దగ్గర వదిలి వెళ్ళాను కదా, అది అక్కనే అమ్మా అని...

ఏం చెప్తున్నాను? ఆ, సత్యవతి. మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు పడుకున్నాక ఇస్త్రీ గదిలో లైటు తీసేసి నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టేది. "నొప్పితో దెబ్బలాడకు వదినా. ఎక్కడుందో చూడు, అంతే. ఊపిరి వస్తోంది, చూడు. పోతోంది, చూడు. మనసు ఊరెళ్ళిపోతే తిట్టకు, మళ్ళీ ఊపిరి దగ్గరికి పిలువు."

"నా మనసుకి వీసా అక్కర్లేదే, పూటకోసారి వెళ్ళొస్తోంది!"

"వెళ్ళనీ. తీసుకురా."

నొప్పి రావడం మానేసిందని చెప్పను. వచ్చేది. కానీ వస్తుందేమోనన్న వణుకు పోయింది. అది పోతే సగం బరువు దిగినట్టే.

ఓ రోజు మేడమ్ తలుపు తీసింది. చీకట్లో ఇద్దరం, కళ్ళు మూసుకుని! ఏంటిదని అరబ్బీలో గదమాయించింది. మాకొచ్చిన అరబ్బీ ఎంత? అన్నం, చీపురు, యల్లా అంటే కానియ్, ఖలాస్ అంటే అయిపోయింది, అంతే. వాటితో ఊపిరి సంగతి ఎలా చెప్తాం? పాపం సత్యవతి, నా తల చూపించి, తన గుండె మీద చెయ్యేసుకుని, గట్టిగా పీల్చి, మేడమ్ మొహం ముందు 'హూ' అని వదిలింది. చేతబడి చేసేవాళ్ళు అలాగే ఊదుతారని వాళ్ళ భయమట. మాకేం తెలుసు? మేడమ్ పెట్టిన కేకకి షార్జా మొత్తం లేచి కూర్చుంది. "తలనొప్పమ్మా, తలనొప్పి" అని నేను తెలుగులోనే మొత్తుకున్నాను. ఎవరికర్థమవుతుంది? ఊదింది సత్యవతి కాబట్టి సత్యవతికే ఖలాస్. మర్నాడే విమానం.

వంటింటి కిటికీలోంచి చూశాను. కారు వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంది. భుజాలు మెల్లిగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. అప్పుడు కూడా తన ఊపిరి చూసుకుంటోందే తల్లీ! నాకేమో ఏడుపుతో ఒక్క ఊపిరీ నిలవలేదు.

పాలకొల్లు వైపంటే ఏ ఊరో అడగనేలేదు. రోజూ పక్కనే ఉండే మనిషిని ఊరెవరడుగుతారు చెప్పు? తల తేలికపడినప్పుడల్లా, తగ్గిందే సత్యవతీ అని చెప్దామంటే మనిషి లేదు.

నీకు మాత్రం అలాంటి మనిషి దొరకాలమ్మా. దొరికి, నీ కళ్ళ ముందే ఉండాలి. ఉంటే అప్పుడు తగ్గిందే అని మొహం చూసి చెప్పుకోవచ్చు... ఊఁ, ఏముందిలే...