ఫ్రేహా ఇంటి తలుపు

అమ్రాం సంగతా? కూర్చో అబ్బాయ్, ఆ దిండు లాక్కో. టీ తాగుతావుగా, పుదీనా ఇప్పుడే కోశాను. మన యూదుల మందిరంలో పోయిన అమ్రాం పేరున దీపం పెడతారటగా, నువ్వు నాలుగు మంచి మాటలు చెప్పాలటగా. చెప్పు, చెప్పు. "మహానుభావుడు, ఆడదాని వలలోంచి బయటపడ్డాడు" అంటావు, అంతేగా? మందిరం పెద్ద, మీ తాత షెలోమో కూడా అదే అనేవాడు. ఆ మాట వింటే ఒళ్లు మండిపోతుంది నాకు. వల పన్నిందెవరు? ఫ్రేహానా? మీ తాత కాదూ! లేవకు. వచ్చావుగా, విని పో.

అమ్రాం వడ్రంగి. గొంతు విప్పితే మన సెఫ్రూ ఊరి బజారంతా పని ఆపి వినేది. ఫ్రేహా ఈ వాకిట్లోనే, అదిగో ఆ మూలగదిలో ఉండేది. మొగుడు పోయిన మనిషి, మందిరం తెరలకి జరీ కుట్టుకుని బతికేది. నేను కొత్త కోడలిగా ఈ మేడ మీదికి వచ్చేనాటికే వాళ్ల కథ అయిపోయింది. అమ్రాం పెళ్ళాం పురిటికి పుట్టింటికెళ్లింది, వీడు ఫ్రేహా గదికి కిటికీ బిగించడానికొచ్చాడు, బిగించిన కిటికీ మళ్లీ మళ్లీ వదులైంది. తప్పు కాదన్నానా? తప్పే. వాడు మన మతగురువు రబ్బీ ముందు కూర్చుని ఏడ్చాడు, సోమవారాలు గురువారాలు ఉపవాసాలున్నాడు, పెళ్ళాం ముందు తల వంచాడు. ఆ పిల్ల క్షమించింది. దేవుడూ క్షమించే ఉంటాడు. క్షమించంది మీ తాత ఒక్కడే. దిద్దుకున్నవాడికి పాత తప్పు ఎత్తిచూపకూడదని మన ధర్మశాస్త్రమే చెబుతుందా లేదా? మీ తాతకది కంఠతా వచ్చు. అయినా, ఊరంతా ఉపవాసముండి పాపాలు కడుక్కునే కిప్పూరు రోజు మధ్యాహ్నం తోరా గ్రంథంలో మగాడు ఎవరెవర్ని తాకకూడదో చదువుతారు చూడు, ఆ భాగం చదవడానికి ఏటా వాడినే పిలిచేవాడు. "అమ్రాం లేవాలీ!" అని ముక్కుతో రాగం తీసి మరీ. మగాళ్లు ముసిముసిగా దగ్గేవాళ్లు. పైన ఆడవాళ్లు కూర్చునే మేడలో మేమంతా తలలు దించుకునేవాళ్లం. ఫ్రేహా దించేది కాదు.

అమ్రాంకి ఒక్కటే కోరిక. కిప్పూరు సాయంత్రం ముగింపు ప్రార్థన ఒక్కసారి తను పాడాలని. పాడనిస్తే ఊరు తనని మళ్లీ కలుపుకున్నట్టని వాడి లెక్క. ఒక ఏడాది, ఎప్పుడూ పాడే పెద్దాయనకి గొంతు పోయింది. అందరూ అమ్రాం అన్నారు. మీ తాత గడ్డం నిమురుకుని, "పూర్తిగా మారాడని రుజువేంటి? అదే ఆడది, అదే చోటు, ఒంట్లో అదే బలం, అయినా చెయ్యకపోతేనే మారినట్టు. శాస్త్రం చూసుకోండి," అన్నాడు. ఉందయ్యా, ఉంది. ఎదురుపడితే అని ఉంది. ఎదురు పెట్టమని ఉందా? గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దని అదే తోరాలో లేదూ? ఫ్రేహాకి తెర ఒకటి పంపించి, లోపలే కూర్చుని కుట్టమన్నాడు. అమ్రాంకేమో, "ఫ్రేహా ఊళ్లో లేదు, ఆమె అలమార ఊడింది, పోయి బిగించు" అని కబురు. పరాయి ఆడదానితో తలుపు మూసుకుని ఉండకూడదని పసిపిల్లలకి కూడా తెలిసిన ఊరయ్యా ఇది! ఆ ఊళ్లో మందిరం పెద్దే, వాడు లోపలికి అడుగు పెట్టగానే బయట గడియ పెట్టాడు. పెట్టి, ఇద్దరు పండితుల్ని పక్కనేసుకుని తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాడు. నేను మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతున్నా. "సిగ్గు లేదూ మీకు!" అని అరిచా. "ష్! పరీక్ష జరుగుతోంది," అన్నాడు. ఏం పరీక్షరా నీ మొహం! నేను మెట్లు దిగేలోపే లోపల సుత్తి చప్పుడు.

ఏం జరిగిందో ఫ్రేహా తర్వాత చెప్పింది. వాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడట. "ఇష్టం చచ్చిపోయిందనుకున్నావా పిల్లా? వాడికీ చావలేదు, నాకూ చావలేదు. నేను ఒక్కసారి పేరుపెట్టి పిలిస్తే అయిపోయేది," అంది. పిలవలేదు. "తలుపు బందులు లోపలివైపే ఉన్నాయి, ఉలి తియ్యి," అందట. విన్నావా? దారి చూపించింది ఆవిడ! వాడు బందులు ఊడగొట్టి తలుపు లోపలికి లాగేసరికి, చెవి ఆనించిన మీ తాత బోర్లా వచ్చి గదిలో పడ్డాడు. లేచి గడ్డం దులుపుకుని, "నెగ్గావు అమ్రాం! ప్రార్థన నీదే!" అన్నాడు. ఫ్రేహా మొహం ఒక్కడు చూస్తే ఒట్టు. ఆవిడ నెగ్గలేదూ? ఇన్నేళ్లూ ఆవిడ ఏడవలేదూ? ఆడది ఎర, మగాడు మహానుభావుడు. థూ!

కిప్పూరు సాయంత్రం అమ్రాం వేదిక ఎక్కాడు. ఉపవాసానికి పెదాలు ఎండిపోయాయి. పాడలేదు. ఆడవాళ్ల మేడవైపు తిరిగి, "ఫ్రేహా, నా వల్ల నీ పేరు పోయింది, క్షమించు," అన్నాడు అందరి ముందూ. "క్షమించాను. ఇక పాడు," అంది ఆవిడ. "నీ తలుపుకి చెవి పెట్టినవాళ్లు కూడా నిన్ను అడగనీ, అప్పుడు పాడతా," అని దిగొచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. మీ తాత అడగలేదు. ఏ ఏడూ అడగలేదు. వాడు పోయేదాకా పాడలేదు. ఎంత గొంతయ్యా, మట్టిలో కలిపేశారు! ఆవిడ తలుపు మళ్లీ పెట్టనివ్వలేదు. "ఇంకా పరీక్షలుంటే తీరిగ్గా చూసుకోనీ," అని ఆ కొండగాలిలో గుమ్మానికి దుప్పటి కట్టుకునే బతికింది. అదిగో, గుమ్మం అలాగే ఉంది. ఇప్పుడు చెప్పు నీ నాలుగు మంచి మాటలు.

ఏవిటి? ఆవిడ సమాధా? ఏటి అవతల, అమ్రాం పక్కన కాదు, చివరి వరసలో. ఒక్కడివే పోకు. మీ తాత తరఫునైనా సరే, చచ్చినవాళ్లని క్షమాపణ అడగాలంటే మన ధర్మంలో పదిమంది మగాళ్లు వెంట రావాలి, నీకు తెలుసుగా. ఆవిడ కోసం వచ్చేవాళ్లు పదిమంది దొరుకుతారా ఈ ఊళ్లో?... తాగు, టీ చల్లారిపోతోంది.