రేపటిదాక ఆగదట

హలో… ఆ, నేనే, నిర్మలను. సుందరాబాయక్కా, జర మా ఆయనను ఫోన్‌కు పిలుస్తవా? …దవాఖాన కెల్లి. …ఏం లేదక్కా, బీపీ. ఊకె చూపిచ్చుకుందామని వచ్చిన. …ఆ, ఆగుత.

…

వచ్చిండ్రా? ఆమె పక్కననే ఉన్నదా? అట్లయితే మీరు ఊ అనుండ్రి చాలు, నేనే చెప్త.

స్కానింగ్ అయింది. గుడ్డు మంచిగ పెరిగిందట. ఇయ్యాలనే చెయ్యాలన్నది డాక్టరమ్మ. పదకొండు లోపట మీరొచ్చి, మీ బీజం డబ్బీల ఇచ్చి పోవాలె—

…పోయిందా లోపటికి? ఆ, చెప్పుండ్రి.

…తెలుసు. నలభై ఒక్క దినాల నిష్ఠ. ఇయ్యాలకు నలభై. రేపు రాఖీ పున్నం, మార్కండేయుని రథం ముంగట నడిస్తే మీ మొక్కు తీరుతది. నాకు తెల్వదా? నలభై దినాల సంది వేరే చాప మీద పండుకునేది నేనే గద.

…రేపటిదాక ఆగదట అది. అడిగిన. రెండుసార్లడిగిన. డాక్టరమ్మ నవ్వింది.

…నిష్ఠ ఎట్ల తప్పుతది? నన్ను ముట్టే పనే లేదు. నా మొకం గూడ చూడకుండ్రి. ఇచ్చి పోండ్రి.

…అమ్మనడుగుతరా? ఇది అత్తమ్మనడిగే ముచ్చటనా?

…

ఇగో, ఆ మొక్కు దేనికి మొక్కిండ్రు? పిల్లల కోసమే గద. మరి నేనిక్కడ దేనికి కూసున్న?

…ఎవరన్నరు? పోయిన రెండుసార్లు కడుపు నిలవంది నిష్ఠ లేకనే అన్నదా అత్తమ్మ? …మీరు గూడ అట్లనే అనుకుంటున్నరా? …ఊ అనకుండ్రి. ఇప్పుడు ఊ అనకుండ్రి.

నాకు ముప్పై ఎనిమిది నిండినయి. ఇదే ఆఖరుసారి, ఇంక ఆశ పెట్టుకోవద్దన్నది డాక్టరమ్మ. పది దినాల సంది మన దాజీ పేట్ ఇంటికెల్లి ఒక్కదాన్నే నడిచొచ్చి సూదులేయించుకుంటున్న. మా అక్కకు గూడ చెప్పలే. ఇక్కడ అందరి పక్కన ఎవరో ఒకరున్నరు… నాకు భయమైతున్నది.

…

ఏమో మరి. నేనైతే లేవ. పదకొండు దాక ఈ బెంచీ మీదనే కూసుంట.

…వింటున్నరా?

హలో… హలో…

…

ఆ, సిస్టర్, మాట్లాడిన. బయలెల్లిండ్రు. వస్తున్నరు.