కెరెకు దీర్ఘమిస్తే

మధ్యాన్నం మూడు గంటలు. ఎండ పేలిపోతాండాది, ఆకు కదిలేంత గాలి లేదు. ఈ పొద్దులో ఎవురన్నా బండ మీదికి పోతారా, ఆశమ్మా?

మాట్లాడొద్దు. పెదవులు పూరీల మాదిరి పొంగినాయి. మూతి ఇట్ల పెట్టు, సున్నం పూస్తాను. మంటా? తేనెటీగలు మరి ముద్దు పెట్టినాయా?

నువ్వు తెలుగు పిల్లవని ముందే చెప్పింటే ఏం పోయేది? హైదరాబాదు దానివి. బెంగుళూరులో నేర్చిన నాలుగు కన్నడ మాటలూ మా కెంచార్లహళ్ళిలోనే వాడాల్నా? మా ఆయనా అంతే. జీపు కనిపిస్తే చాలు, కన్నడం ఎత్తుకుంటాడు. ఇద్దురూ తెలుగోళ్ళే, ఇద్దురికీ మర్యాద ఎక్కువ!

“ఇల్లి కేరె ఇదెయా?” అంటివి. ఇక్కడ చెరువుందా అనే కదా అడగాలనుకుంటివి? కెరె అంటే చెరువమ్మా. నువ్వు సాగదీసి కేరె అంటివి. కన్నడంలో అది జెర్రిపోతు పాము!

పైగా, ఆకాశంలోనించి చూస్తే పెద్దదిగా మెరుస్తాందంటివి. ఇంగ చూడు ఆయన మురిపెం! “ఏమే, మన జెర్రిపోతు శాటిలైటుకు కూడా కనిపిస్తాందంటనే!” నిన్ను బండ సందుకాడికి పిలుచుకోని పోయి, కట్టెతో పొడిచినాడు. లోపలుండింది తేనెతుట్టె.

ఏంది, తల ఊపుతాండావు? నీ చెరువేందో నాకు తెలుసులే. మా టమోటా సాళ్ళకు పరిచిన మల్చింగ్ పేపరు. వెండి మాదిరి మెరుస్తాది. మీ శాటిలైటు దాన్ని నీళ్ళనుకునింది. ఏ చెరువు నిండింది, ఏది ఎండింది అని పైనించి చూస్తారంట, అది నిజమా కాదా అని మళ్ళా నేల మీదికొచ్చి చూసుకుంటారంట. మా కూతురు మంజుశ్రీ చెప్పింది. నన్నడిగింటే గడపలోనే చెప్పిందును.

నాకు నవ్వు రాలేదు. ఈగలు తరిమితే ఆయన యాడికి ఉరికినాడో తెలుసా? మా కృషిహొండ దిక్కు. చేనికని తవ్వించిన నీళ్ళగుంత. అడుగునించి గట్టు దాకా నల్ల ప్లాస్టికు. దూకేది సులభం, ఎక్కబోతే జారతాది. ఆయనకు ఈత రాదు.

మంజు డ్రిప్పు పైపు ఎత్తుకోని ఆయన యెనకాలే పరుగెత్తింది. ఇద్దురూ ఇంకా రాలేదు.

నేనా? నీ దగ్గిరే ఉండమని మంజు చెప్పింది. అది సాకు. ఆ గుంతలోకి తొంగి చూడాలంటే భయం.

ఆయన రానీ, నిన్ను చింతామణి ఆస్పత్రికి పిలుచుకోని పోదాం. రానీ.

ఉండు. కుక్క మొరుగుతాండాది.

మంజు! దాని యెనక... నడుముకు పైపు చుట్టుకోని, ఒక కాలికే చెప్పుతో, నీళ్ళు కారుస్తా. ఆయనే. అంత దూరంనించే కాఫీ పెట్టమని అరుస్తాండాడు, సిగ్గులేకుండా!

ఎన్ని కాఫీలో లెక్కేస్తా ఉండు. నువ్వు ఒకటి. జీపులో అద్దాలెక్కించుకోని కూసున్న మీ డ్రైవరు నందీశు రెండు. మంజు మూడు. ఆయన నాలుగు... ఐదు.

ఐదెట్లయింది?

ఏం లేదు లేమ్మా. కండ్లనిండా నీళ్ళుంటే ఆయనొకడే ఇద్దురుగా కనిపిస్తాండాడు.