బావ చెయ్యి జారలేదు

అయ్యలారా, అమ్మలారా, పనులు మానుకుని ఇంత ఎండలో వచ్చారు. మీలో సగంమంది కెమెరాలు బావ చేతిలో పడి చూపు తెచ్చుకున్నవే. మంగళవారం పొద్దున ఆ చెయ్యి చల్లబడింది. మా అక్క భర్త ఆయన. ముప్పై ఏళ్లు ఆయన లెన్సులు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పడమే నా ఉద్యోగం. ఇవాళా అదే చేస్తున్నాను. వినేవాడే లేడు.

పాత లెన్సు మీద గీత కనపడితే మనిషి చెయ్యి ఊరుకోదు. ఒకరు టూత్‌పేస్టు రాస్తారు, ఒకరు బూడిద పెడతారు. ఒక మహానుభావుడైతే ఇటుకపొడితో అంట్లు తోమినట్టు తోమి, అద్దం గుడ్డిదయ్యాక మా దగ్గరికి తెచ్చాడు. బావ ఎవర్నీ కసురుకోలేదు. "గీత ఉన్నా ఫొటో వస్తుందయ్యా, రుద్దితేనే రాదు" అనేవాడు. ఆ మాట చెప్పి ఎంతమందిని ఉత్తచేతులతో తిప్పి పంపాడో! వచ్చిన పని వద్దనే దుకాణం ఎక్కడైనా ఉందా అని అక్క సణిగేది.

పైపూత పోయి, ఇక ఆశ లేదనుకున్న అద్దానికే ఆయన టూత్‌పేస్టు తీసేవాడు. అప్పుడైనా ముందు బియ్యపుగింజంత ముందుపళ్ల మధ్య పెట్టుకుని నూరి చూసేవాడు. కరకరమందా, ఆ గొట్టం చెత్తబుట్టలోకే. "పంటికి తగిలింది అద్దానికి తగలదా?" అనేవాడు. ఇది రిపేరా, భోజనమా అని ఎగతాళి చేసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ని.

ముందు వరసలో కూర్చున్న స్టూడియో పెద్దాయనా, ఇక్కణ్నుంచి మీరు వినాలి. ఆరేళ్ల కింద మీ నాన్నగారి లెన్సు తెచ్చి, లోపలి బూజు తుడవమన్నారు. బావ తుడిచాడు. ముందు అద్దం మీద సన్నగీత ఒకటుంటే దాన్ని ముట్టుకోకుండా బల్ల మీద పెట్టి, భోజనానికి వెళ్లాడు. ఆ గీత పోగొట్టి మెప్పు కొట్టేద్దామని నాకు బుద్ధి పుట్టింది. కుళాయి దగ్గర పళ్లపొడి కనపడింది. బావ లాగే చిటికెడు పళ్ల మధ్య వేసుకుని నూరాను. ఏమీ తగల్లేదు. వెన్నలా ఉందనుకున్నాను. ఎలా తగులుతుంది? నావి కట్టుడు పళ్లు!

నవ్వండి, ఫర్వాలేదు. పది నిమిషాలు రుద్దాను. తుడిచి చూస్తే గీత లేదు. అద్దమూ లేదు, పొగపట్టిన కిటికీ ఉంది.

బావ వచ్చాడు. లెన్సుని వెలుగుకి పట్టి చూశాడు, నా వేళ్ల మీది పొడి చూశాడు. మీరొచ్చి అరిచినప్పుడు "నా చెయ్యే జారింది, క్షమించండి" అన్నాడు. మీరు వెళ్లాక నాతో అన్నది ఒక్కటే: "చెప్పాలనిపించినప్పుడు చెప్పు."

నేను చెప్పానా? ముసలాయనకి చూపు పోయిందని మీరు ఊరంతా చెప్పారు. మీ తప్పు లేదు, మీకు తెలిసింది అంతే. పని రావడం ఆగింది. ఏడాదికి దుకాణం మూతపడింది. అక్క కూడా నమ్మింది. ఆ తర్వాత ఆయన చేతికి గాజుగ్లాసు ఇవ్వలేదు, కత్తెర ఇవ్వలేదు. మొన్న పదిరోజుల కింద సూదిలో దారం ఎక్కక అక్క విసుక్కుంటుంటే, ఆయన మంచం మీంచే తీసుకుని ఒక్కసారికి ఎక్కించి ఇచ్చాడు. ఏదో గాలివాటం అనుకుంది. నేను అక్కడే ఉన్నాను. లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పే వాగుడుకాయని, ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను.

అక్కా, బావ చూపు పోలేదు. చెయ్యి జారలేదు. చివరిరోజు వరకూ జారలేదు. ఆయన వింటుండగా చెప్పాల్సిన మాట ఇది. ఇప్పుడు చెప్పి నేను బావుకునేది ఏమీ లేదు. నీ మనసులో మాత్రం ఆయన చేతగానివాడుగా మిగలకూడదు.

అందరూ దయచేసి లేవండి. ఆయన కోసం మౌనంగా నిలబడదాం. అక్కా, నీ మోకాళ్లు బాగాలేవు, నువ్వు కూర్చో. ఇక చాలు అని మామూలుగా మైకు దగ్గరున్నవాడే చెబుతాడు. ఇవాళ ఆ మాట నేను అనను. నువ్వు అను. నువ్వు అనేదాకా నేనిలాగే నిలబడి ఉంటాను.